సిప్పర్ కొంటున్నారా? ముందు దాని మూతి విప్పి చూడండి

పాలసీసా మాన్పించడానికి సిప్పర్ (పిల్లలు పీల్చి తాగే మూతి ఉన్న కప్పు) వెతుకుతున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. ముఖ్యంగా ‘తలకిందులు చేసినా చుక్క కారదు’ అని రాసి ఉండే రకం కొనబోతుంటే.

మా పాపకు పదమూడో నెల. అన్నం, పప్పు బాగానే తింటుంది, పాలపీక మాత్రం వదలదు. రాత్రిళ్లు సీసా నోట్లో ఉంటేనే నిద్ర. ఏడాది టీకాకు వెళ్లినప్పుడు డాక్టరుగారు పై ముందుపళ్లు చూసి, ‘ఏడాదిన్నర లోపు సీసా పూర్తిగా మాన్పించెయ్యాలమ్మా, రాత్రంతా పాలు నోట్లో నిలిచిపోతే ముందు పుచ్చేవి ఈ పళ్లే’ అన్నారు. ఇంటికొచ్చి ఆ రాత్రే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

కొన్నది మూడు రకాలుగా వాడే సెట్టు. ఒకే కప్పుకు పాలపీక, మెత్తటి మూతి, స్ట్రా, మూడూ బిగించుకోవచ్చు. రెండు పిడులు, మీద ఏనుగు బొమ్మ. ధర 649 రూపాయలు. రేటింగ్ 4.4, కింద వేలల్లో రివ్యూలు. ‘అన్ని భాగాలూ విప్పి కడుక్కోవచ్చు’ అని వివరాల్లో ఉంది. అది చూసే కొన్నాను.

మొదటిరోజు నీళ్లు పోసి ఇస్తే పాప రెండుసార్లు పీల్చి, మొహం ఎర్రగా చేసుకుని విసిరికొట్టింది. పేచీ అనుకున్నాను. తర్వాత నేనే నోట్లో పెట్టుకుని చూశాను. బుగ్గలు లోపలికి పోయేలా పీలిస్తే తప్ప నీళ్లు రావడంలేదు. మూతి కింద నీలం రంగు సిలికాన్ బిళ్ల ఒకటి ఉంది, మధ్యలో సన్నటి చీలిక. గట్టిగా పీల్చినప్పుడే ఆ చీలిక తెరుచుకుంటుంది. చుక్క కారకపోవడానికి కారణం అదే. మా అత్తయ్య చూసి, ‘ఇది ఆ పీకకు చెల్లెలే కదే అమ్మాయ్, దీన్ని కూడా పీల్చాలిగా’ అన్నారు. ఆవిడ మాట అప్పుడు చెవికెక్కలేదు. 649 పెట్టాను కదా, అలవాటవుతుందిలే అనుకున్నాను. నాలుగురోజులకు నిజంగానే అలవాటైంది. ఇక పొద్దున, సాయంత్రం పాలు దాంతోనే.

మూడు వారాలు గడిచాక ఒకరోజు కడుగుతుంటే వాసన వచ్చింది. పులిసిపోయిన పెరుగు వాసన. రోజూ సబ్బుతో కడుగుతున్నాను, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు వేస్తున్నాను, అయినా వాసన పోదు. ఫోన్ టార్చి వేసి మూతి వెనక నుంచి చూస్తే నీలం బిళ్ల చుట్టూ నల్లటి నీడలాగా కనపడింది. ఆ బిళ్ల ఊడి రాదు. చూడ్డానికి మూతి, బిళ్ల ఒకటే ముక్క. పిన్నీసు మొనతో అంచు పట్టి లేపితే టప్‌మని ఊడింది. కింద గాడి నిండా పసుపుపచ్చగా పేరుకున్న పాలమడ్డి, దానిమీద నల్ల నువ్వులు చల్లినట్టు బూజు. వేలితో తుడిస్తే జిడ్డుగా సాగింది. రాయడానికే ఒళ్లు జలదరిస్తోంది. మూడు వారాలు మా పిల్ల పాలు ఆ గాడి మీదుగానే వెళ్లాయి. ఎంత మరిగించినా ఆ సందులో ఉన్న మడ్డి కదలదు కదా.

మధ్యలో రెండుసార్లు పాపకు విరేచనాలయ్యాయి. దానివల్లే అని డాక్టరు చెప్పలేదు, నేనూ అనను. పళ్లొచ్చే పిల్లకు కారణాలు వంద.

బిళ్లను మళ్లీ నొక్కి పెడితే సరిగ్గా కూర్చోలేదు. అప్పుడు చూశాను, దాని అంచున పంటిగాట్లు ఉన్నాయి. రూపాయి బిళ్ల కన్నా చిన్నది, మెత్తగా జారిపోయేది. ఆరు పళ్ల పిల్ల కొరుకుతూ ఉంటే ఏదో ఒకరోజు నోట్లోకి ఊడిరావడం ఖాయం. బూజు కన్నా దీనికే ఎక్కువ భయపడ్డాను.

ఇక వాపసు సంగతి. ఏడురోజులు దాటిందన్నారు. పైగా పిల్లల ఫీడింగ్ సామాను విప్పాక వెనక్కి తీసుకోం అన్నారు. వాడితే కదా లోపం తెలిసేది అంటే ఫోటోలు పంపమన్నారు. పంపితే, ‘మేడమ్, మీరు సరిగ్గా శుభ్రం చేయలేదు’ అని జవాబు. విప్పరాని దాన్ని ఎలా శుభ్రం చేస్తారో వాళ్లే చెప్పాలి.

రేటింగ్ రహస్యం కూడా అప్పుడే తెలిసింది. పారేద్దామని అట్టపెట్టె తీస్తే అడుగున చిన్న కార్డు. ఐదు స్టార్ల రేటింగ్ ఇచ్చి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తే 100 రూపాయలు వెనక్కి ఇస్తారట. కొనేముందు నేనైతే ఆ వేల రివ్యూల్లో ఒక్క స్టారు ఇచ్చినవాటిని విడిగా తీసి చదవలేదు. ఇప్పుడు చదివి చూస్తే సగం మంది వాసన గురించే రాశారు.

ఇంకోటి. ఆ పెట్టె మీద ఐఎస్ఐ ముద్ర లేదు. మన దేశంలో పాలసీసాకు ఐఎస్ఐ ముద్ర ఉండి తీరాలి, 1992లో వచ్చిన శిశువుల పాల చట్టం చెప్పేది అదే. ఈ సెట్టులో పాలపీక ఉంది, అంటే ఇది పాలసీసానే. పేరు సిప్పర్ అని పెట్టుకుంటే సరిపోదు. ముద్ర దగ్గర ఉండే లైసెన్స్ నంబరును, ఆ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది నిజమైనదో కాదో తెలిసిపోతుంది. ‘బీపీఏ ఫ్రీ’ (బీపీఏ అనే రసాయనం లేదు) అని పెద్దక్షరాలతో రాస్తే మురిసిపోకండి. ఆ రసాయనంతో చేసే పాలికార్బనేట్ ప్లాస్టిక్ సీసాలకు బీఐఎస్ 2015 ప్రమాణంలోనే చోటు లేదు, కాబట్టి అది వాళ్లు మనకు చేస్తున్న ఉపకారమేమీ కాదు.

ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో నిబంధనలు వచ్చాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చాట్‌లో వాదించి వాదించి విసిగిపోయి ఆ అమ్మే సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. పిన్నీసుతో బిళ్ల ఊడదీసిన వీడియో నా దగ్గరుంది, బిల్లు ఉంది. పదహారో రోజున డబ్బులు వెనక్కి వచ్చాయి. మీరు కూడా కొత్త వస్తువు పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి, అప్పుడు పిచ్చిపనిలా అనిపిస్తుంది కానీ నన్ను కాపాడింది వీడియోనే.

కొనక తప్పదనుకుంటే కొట్టుకు వెళ్లి కొనండి. చేత్తో విప్పండి. మూతి, బిళ్ల, రింగు వేరువేరుగా రావాలి, ప్రతి సందులోకీ బ్రష్షు మొన దూరాలి. స్ట్రా రకమైతే దానికి సరిపడే సన్న బ్రష్షు పెట్టెలో ఉందో లేదో చూడండి. ఊడి వచ్చే ముక్క పిల్ల మింగేంత చిన్నదైతే అక్కడే వదిలేసి రండి.

డాక్టరుగారికి ఈ కథంతా చెబితే నవ్వి, ‘అసలు బిళ్ల లేని కప్పు ఇవ్వండి, కారితే కారనివ్వండి, ఆరో నెల నుంచే గుక్కెడు నీళ్లు గ్లాసుతో పట్టి ఉంటే ఈ పాటికి నేర్చేసుకునేది’ అన్నారు. ఇప్పుడు చిన్న స్టీలు గ్లాసే. అడుగున రెండు గుక్కల పాలు మాత్రమే పోస్తాను. సగం గౌను తాగుతుంది, సగం పాప తాగుతుంది. ముందు పగటి సీసా ఆపాం, రాత్రిది ఇంకా జరుగుతోంది, దానిలో రోజుకు కాస్త పాలు తగ్గిస్తున్నాం. అత్తయ్య మాత్రం బారసాలకు వచ్చిన వెండి ఉగ్గుగిన్నె బయటికి తీసి, దానితో పాలు పట్టి గెలిచినట్టు చూస్తున్నారు.

బ్రాండ్ పేరు చెప్పమని అడుగుతారని తెలుసు. చెప్పినా ఉపయోగం లేదు. నిన్న రాత్రి అదే సైటులో చూశాను. అదే కప్పు, అవే పిడులు, కొత్త పేరు. ఏనుగు పోయి కుందేలు వచ్చింది. 599 రూపాయలు. ఫోటో పెద్దది చేసి చూస్తే మూతి కింద ఆ నీలం బిళ్ల అలాగే ఉంది.