ఫ్రీమాంట్‌లో మా ఇంటి దగ్గర అఫ్గాన్ బేకరీ: తొమ్మిదేళ్లుగా తింటున్నవాడి మాట

ముందు రోట్ అనే అఫ్గాన్ తీపి రొట్టె అడగండి. అద్దాల బీరువాలో కనిపించకపోయినా అడగండి, ఒక్కోసారి లోపల పొయ్యి దగ్గరే చల్లారుతూ ఉంటుంది. తొమ్మిదేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం ఈ బేకరీకి వెళ్తున్నాను. కొత్తగా వచ్చే మనవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సెంటర్‌విల్ ప్రాంతాన్ని లిటిల్ కాబూల్ అంటారు. 1979 చివర్లో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి వచ్చాక, ఇల్లూ వాకిలీ వదిలేసిన కుటుంబాలు చాలానే ఇక్కడికి చేరాయి. ఈ ఊళ్లో తెలుగువాళ్లం కూడా తక్కువేం లేము. కానీ మనవాళ్లు ఎక్కువమంది పొడుగాటి నాన్ ఒకటి కొనుక్కుని వెళ్లిపోతారు, పక్కనున్న మిఠాయిల వైపు చూడరు. నాకది నిజంగా బాధగా ఉంటుంది.

రోట్ పళ్లెమంత గుండ్రంగా, రెండు వేళ్ల మందాన ఉంటుంది. పైన గుడ్డు పూసి కాల్చిన మెరుపు, దానిమీద నల్ల జీలకర్ర. వేడిగా ఉన్నప్పుడు విరిస్తే ముందు యాలకుల వాసన కొడుతుంది, తర్వాతే తీపి తెలుస్తుంది. అటు బ్రెడ్డూ కాదు, ఇటు కేకూ కాదు. మొహర్రం రోజుల్లో హైదరాబాద్ బేకరీల్లో దమ్ కే రోట్ తిన్నవాళ్లకి పేరు తెలిసిందే. అది రవ్వా నెయ్యీ వేసి చేసేది, బిస్కెట్‌లా పొడిపొడిగా విరుగుతుంది. ఇది మెత్తన. మా ఇంట్లో అల్లం టీలో ముంచుకుని తింటాం. అఫ్గాన్లు మాత్రం యాలకులు వేసిన గ్రీన్ టీతో తింటారు. నిజం చెప్పాలంటే వాళ్ల పద్ధతే బాగుంటుంది, రోట్ రుచి టీలో కలిసిపోదు.

గోష్-ఎ-ఫీల్ అంటే ఏనుగు చెవి. ఒకసారి ఈద్ ముందురోజు పొద్దున్నే వెళ్తే చేస్తూ కనిపించారు. పిండిని అప్పడంలా పల్చగా ఒత్తి, ఒక పక్క వేళ్లతో కుచ్చిళ్లు పెట్టినట్టు దగ్గరికి నొక్కి నూనెలో వదులుతున్నారు. అది అటూ ఇటూ పొంగి అచ్చం చెవిలా అవుతుంది. తీసి పంచదార పొడి, పిస్తా పొడి చల్లుతారు. పాకం ఉండదు. కొన్న గంట రెండు గంటల్లో తినేయాలి, సాయంత్రానికి మెత్తబడిపోతుంది.

తెనాలి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ దాన్ని చూసి, "మన మడత కాజాకి చెల్లెల్లా ఉందిరా, గుడ్డు వేశారేమో అడుగు" అంది. కౌంటర్ దగ్గరుండే పెద్దాయన పెషావర్‌లో కొన్నేళ్లు ఉన్నారు, ఉర్దూ బాగా వచ్చు. నేను అడిగేలోపే విషయం ఆయనకి అర్థమైంది. "ఖాలా జాన్ (అంటే పిన్నిగారూ), ఇందులో గుడ్డు ఉంది, మీరు ఇది తీసుకోండి" అని షీర్ పిరా ముక్క ఒకటి కాగితంలో పెట్టి అమ్మ చేతికిచ్చారు, డబ్బులు తీసుకోలేదు. షీర్ పిరా అంటే పాలపొడిని పంచదార పాకంలో కలిపి, పళ్లెంలో పోసి, ఆరాక ముక్కలు కోసేది. పైన అక్రూట్, పిస్తా పలుకులు. పాలకోవా అనుకుని కొరికితే ముందు గులాబీ నీళ్ల వాసన తగులుతుంది. మొదటి ముక్కకి అమ్మ మొహం అదోలా పెట్టింది. మూడో ముక్కకి డబ్బా తన గదిలోకి వెళ్లిపోయింది. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, తినే ముందు అరగంట బయట ఉంచండి.

మార్చిలో వాళ్ల కొత్త సంవత్సరం నౌరోజ్‌కి, అంటే మన ఉగాదికి కాస్త అటూ ఇటూగా, బియ్యప్పిండి కుల్చాలు, అంటే బిస్కెట్లు, చేస్తారు. చేత్తో పట్టుకుంటే రాలిపోయేంత గుల్లగా ఉంటాయి. చలికాలంలో జిలేబీ. కాబూల్‌లో వేయించిన చేపతో కలిపి తింటారని పెద్దాయన చెబితే ఇంట్లో చేసి చూశాను. ఉప్పూ కారమూ తగిలిన నోటికి ఆ తీపి చాలా బాగుంది.

అన్నీ బాగుంటాయని చెప్పను. క్రీమ్ రోల్ పొద్దున కొంటేనే కరకరలాడుతుంది, సాయంత్రానికి లోపలి క్రీమ్‌కి పొరలు నానిపోతాయి. బక్లావా అనే పొరల మిఠాయి మామూలే, దానికోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు. ఒక రంజాన్‌లో కట్టి ఉంచిన కలగలుపు డబ్బా కొంటే, అడుగున ఉన్న ఖతాయీ బిస్కెట్లకి పాత నూనె వాసన వచ్చింది. తిరిగి తీసుకెళ్తే మారుమాట లేకుండా కొత్తవి ఇచ్చారు, కానీ అప్పటికే ఇంటికొచ్చిన చుట్టాల ముందు పెట్టేశాను. అప్పట్నుంచి కట్టి ఉన్న డబ్బా కొనను, ఎదురుగా తూచి కట్టించుకుంటాను. మీరూ అలాగే చేయండి.

ఆదివారం పదకొండు దాటితే రోట్ మిగలదు. పండగ వారమైతే ముందే ఫోన్ చేసి చెప్పాలి. వచ్చే నెల అమ్మ మళ్లీ వస్తోంది, రెండు పౌండ్ల షీర్ పిరా చెప్పి పెట్టాను. "ఖాలా జాన్‌కేనా?" అని అడిగారు పెద్దాయన.