విజువలైజర్‌లో నేను వదులుకోలేని బటన్ ఒక్కటే

ఉపాధ్యాయ శిక్షణ కాలమంతా గణితం తరగతుల్లో విజువలైజర్ (కింద పెట్టిన కాగితాన్ని కెమెరాతో తెర మీద చూపించే పరికరం) వాడిన తరువాత, దాని మంచిచెడ్డలు చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఫ్రీజ్ బటన్ గురించే. కెమెరా కింద ఏం మారినా తెర మీది బొమ్మను ఉన్నదున్నట్టు నిలిపి ఉంచడం తప్ప ఆ బటన్ చేసే పని మరొకటి లేదు. స్పష్టత ఎంత, జూమ్ ఎంత, మెడ ఎటు వంగుతుంది అన్న వివరాలు పెట్టె మీదే అచ్చువేసి ఉంటాయి కనుక వాటి జోలికి పోవడం లేదు. చాలా సమీక్షల్లో ఫ్రీజ్‌కు ఒక అరవాక్యం దక్కితే గొప్ప. నా తరగతి నడక మారింది మాత్రం దానివల్లే.

శిక్షణలో సాంకేతికతకు సంబంధించిన పేపర్‌లో, మిశ్రా, కోహ్లర్ అనే పరిశోధకులు 2006లో ప్రతిపాదించిన టీప్యాక్ నమూనాను అందరం చదివాం. విషయ జ్ఞానం, బోధనా జ్ఞానం, సాంకేతిక జ్ఞానం అనే మూడు వృత్తాలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. మూడూ కలిసే చోట ఉండాల్సింది ఉపాధ్యాయుడు. ఆ వృత్తాలను రికార్డులో కంపాస్‌తో శుభ్రంగా గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఏ వైరు ఎక్కడ గుచ్చాలో మాత్రం రికార్డులో ఎవరూ అడగలేదు. ఆ మధ్య భాగంలో అసలు ఏముంటుందో నాకు తెలిసివచ్చింది, బ్రాకెట్ బయటి సంఖ్యతో లోపలి ప్రతి సంఖ్యనూ విడివిడిగా గుణించే విభాగ న్యాయం చెబుతున్న ఒక పీరియడ్‌లో.

పిల్లలు లెక్క చేస్తుండగా వరుసల మధ్య తిరుగుతూ, చర్చకు పనికివచ్చే నోటుబుక్ ఒకటి కనిపిస్తే అడిగి తీసుకుని, దాన్ని కెమెరా కింద పెట్టి అందరితో మాట్లాడించడం మా మార్గదర్శక ఉపాధ్యాయురాలి దగ్గర నేర్చుకున్న పద్ధతి. కాగితం మీది అక్షరం చివరి బెంచీదాకా కనిపిస్తుంది, పిల్లలు తమలాంటి పిల్లల రాతను శ్రద్ధగా చూస్తారు, అంతవరకూ బాగానే ఉంటుంది. అయితే నోటుబుక్ కెమెరా కింద ఉన్నంతసేపూ దాని సొంతదారు ఒట్టి చేతులతో కూర్చోవాలి. తన లెక్కను నలుగురూ దిద్దుతుంటే చూడటం తప్ప ఆ బిడ్డకు చేయడానికి ఏమీ ఉండదు. ఆ సంగతి ఫ్రీజ్ వాడేదాకా నా దృష్టికి రాలేదు, ఎందుకంటే నా చూపంతా తెర మీదే ఉండేది.

ఆ పీరియడ్‌లో ఇచ్చిన లెక్క 20 − 2(9 − 4). బ్రాకెట్ ముందు చేసినా, విభాగ న్యాయంతో విడదీసినా ఒకే జవాబు రావాలని చూపించడం నా ఉద్దేశం. నేను తీసుకున్న నోటుబుక్‌లో రెండో వరుస 20 − 18 − 8 అని, జవాబు −6 అని ఉంది. కెమెరా కింద పెట్టి జూమ్ చేయగానే, మామూలు కంటికి ఆననిది ఒకటి తెర మీద కనిపించింది. 8కి ముందున్న మైనస్ గుర్తు కింద, రబ్బరుతో చెరిపేసిన నిలువు గీత ఒకటి మసగ్గా మిగిలి ఉంది. అంటే ఆ అమ్మాయి మొదట ప్లస్ రాసి, తరువాత మార్చుకుంది. ఆ బొమ్మ అలాగే నిలవాలని ఫ్రీజ్ నొక్కి, పక్క వరుసలో మరొకరి పని చూడవలసి ఉండటంతో నోటుబుక్‌ను తీసుకెళ్లి ఆమెకు ఇచ్చేశాను. ఇందులో ముందుగా వేసుకున్న పథకమేమీ లేదు.

తెర మీద పాత లెక్క ఉంది, చేతిలో నోటుబుక్ ఉంది. "రెండో వరుసలో ఏం జరిగిందో చూడండి" అని తరగతిని అడిగి నేను వెనక్కి నడిచి వచ్చేలోపు, ఆమె అంచులో 9 − 4 = 5 అని రాసుకుని, 20 లోంచి 10 తీసేసి, తెరవైపు చూసి, మళ్లీ నోటుబుక్ చూసుకుంది. ఎవరూ చేయి ఎత్తకముందే, "టీచర్, నేను ముందు ప్లస్సే రాశాను. రెండూ మైనస్‌లే కదా, ప్లస్ ఎలా వస్తుందని చెరిపేశాను" అంది. ఒక పిల్లవాడు "చెరిపింది కనిపిస్తోంది టీచర్" అన్నాడు. ఆ తరువాత పావుగంట చర్చంతా ఆ చెరిగిన గీత మీదే నడిచింది: మైనస్ 2తో మైనస్ 4ను గుణిస్తే ఏమవుతుంది, 5 రెండ్లు తీసేయాల్సిన చోట 9 రెండ్లు తీసేస్తే ఎక్కువ తీసేసినది ఎంత, దాన్ని తిరిగి కలపాలా వద్దా. చివర సవరించిన నోటుబుక్‌ను మళ్లీ కెమెరా కింద పెట్టి ఫ్రీజ్ తీసేయగానే, పాత బొమ్మ పోయి కొత్తది వచ్చింది. నల్లబల్ల మీద నేను ఆ లెక్కను ఎత్తి రాసి ఉంటే, ఆ చెరిపిన గీత అక్కడికి వచ్చేదే కాదు.

దీనికి తోడు మరొక లాభం కలిగింది. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను కంటే ఎక్కువ ఆగరని, 3 సెకన్లు ఆగగలిగితే పిల్లల జవాబుల పొడవూ లోతూ రెండూ పెరుగుతాయని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల టేపులు విని చెప్పారు. కొద్దిమంది ముందు చిన్న పాఠం చెప్పి సాధన చేసే సూక్ష్మ బోధనలో ఈ సంగతి మాకు పలుమార్లు వల్లెవేయించారు. అయితే కొత్తగా తరగతి ముందు నిలబడ్డవాళ్లకు 3 సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడవుగా ఉంటుందో నిలబడితేనే తెలుస్తుంది. ఫ్రీజ్ చేసి నోటుబుక్ తిరిగి ఇచ్చి రావడానికి పట్టే వ్యవధి ఆ నిశ్శబ్దాన్ని తనంతట తానే ఇచ్చేస్తుంది. ఆగాలని గుర్తుపెట్టుకోనక్కర్లేదు, నడవాలి కనుక ఆగుతాం. ఇంత చిన్న బటన్ నుంచి ఈ మేలు నేను ఆశించలేదు.

ఇక చిక్కులు. ఫ్రీజ్ నిలిపేది ఆ క్షణంలో ఉన్న బొమ్మను, అది మంచిదైనా చెడ్డదైనా. నేను వాడిన మోడల్‌లో తెర మీద నల్లటి పట్టీలు మెల్లగా పైకి పాకుతూ ఉండేవి. లైవ్‌లో ఉన్నప్పుడు కన్ను వాటికి అలవాటు పడుతుంది, పిల్లలు పట్టించుకోరు. ఫ్రీజ్ నొక్కగానే మాత్రం ఒక పట్టీ సరిగ్గా మనకు కావలసిన వరుస మీదే ఆగిపోతుంది, తీసి మళ్లీ నొక్కితే ఇంకో వరుస మీద. లైట్లు మార్చాలేమో, ప్రొజెక్టర్ పాడైందేమో అని కొన్ని వారాలు సందేహించాక, కారణం మెనూలో దొరికింది. 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద వెలిగే చాలా లైట్ల వెలుతురు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కెమెరాను 60 హెర్ట్జ్‌కు అమర్చితే దాని లెక్క సెకనులో 120వ వంతు చొప్పున నడుస్తుంది. ఆ రెండిటికీ పొత్తు కుదరక, కెమెరా వరుస వెంట వరుసగా బొమ్మను చదివేటప్పుడు కొన్ని వరుసలకు వెలుతురు తక్కువై పట్టీలు పడతాయి. ఫ్లికర్ అన్న అమరికను 50కి మార్చగానే పట్టీలు మాయమయ్యాయి. వాడకం పుస్తకంలో ఈ ముక్క ఎక్కడా లేకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే. పైగా కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ అమరిక మళ్లీ 60కి వెళ్లిపోతుంది కనుక, పీరియడ్ మొదలయ్యే ముందు మెనూ తెరవడం నాకు అలవాటైపోయింది.

ఫోకస్‌దీ ఇంచుమించు ఇదే కథ. పేజీ మీదికి చేయి రాగానే కెమెరా చేతిని చూస్తుంది, చేయి తీయగానే, చత్వారం వచ్చినవాళ్లు పేపరును ముందుకూ వెనక్కూ జరిపి చదువుకున్నట్టు, కాసేపు తడుముకుంటుంది. ఆ తడుములాట మధ్యలో ఫ్రీజ్ నొక్కితే మసక బొమ్మే మిగులుతుంది. ఫోకస్‌ను ఒకసారి కుదిర్చి అక్కడే కట్టేసే సౌకర్యం ఉంటే తప్ప ఫ్రీజ్‌ను నమ్మకంగా వాడలేమని ఇప్పుడు నా అభిప్రాయం.

కదలికే పాఠమైన చోట ఈ బటన్‌కు పని లేదు. రేఖాఖండానికి లంబ సమద్విఖండన రేఖ గీయడం చెప్పేటప్పుడు పిల్లలు చూడవలసింది కంపాస్ ఎక్కడ గుచ్చాం, చాపం గీసేటప్పుడు వేళ్లు ఎలా పట్టుకున్నాం, రెండో చాపానికి కొలత మార్చకుండా ఎలా జరిపాం అన్నది. మధ్యలో బొమ్మను ఆపితే, వాళ్లకు ఫలితం కనిపిస్తుంది కానీ చేసే తీరు కనిపించదు. అక్కడ విజువలైజర్ మేలే, ఎందుకంటే నల్లబల్ల మీద జారిపోయే చెక్క కంపాస్ కంటే కాగితం మీద గీసే మామూలు కంపాస్ పిల్లల చేతిలో ఉన్నదానికి దగ్గరగా ఉంటుంది; ఫ్రీజ్ మాత్రం అనవసరం.

మా మార్గదర్శక ఉపాధ్యాయురాలు చెప్పినది ఒకటి ఇక్కడ కలపాలి. ఒక పరిశీలన తరువాత ఆమె, "మీరు ఫ్రీజ్ చేసినప్పుడు లెక్క తెర మీద ఉంటుంది, బాగుంది. ఆ లెక్క చేసిన పిల్లవాడు కూడా అంతసేపూ అక్కడే ఉంటాడు, అది చూశారా?" అన్నారు. చెరిపిన గీత అమ్మాయి ధైర్యస్తురాలు. ఆ తరువాత ఒక అబ్బాయి నోటుబుక్ నిలిచి ఉన్నంతసేపూ తల ఎత్తలేదు. పక్కవాళ్లు దస్తూరీ గుర్తుపట్టి అతడి వైపే చూశారు. అప్పటినుంచి నోటుబుక్ తీసుకునే ముందు "నీది చూపించనా?" అని మెల్లగా అడుగుతున్నాను, వద్దంటే వదిలేస్తున్నాను, పేరున్న అంచును మడిచి పెడుతున్నాను. దానివల్ల మంచి తప్పులు కొన్ని చేజారుతున్న మాట నిజమే.

నల్లబల్ల అవసరం ఇక తీరిపోయిందని మొదటి పాఠ్య పథకాల్లో కాస్త ఉత్సాహంగా రాశాను. ఇప్పుడు పాఠం శీర్షిక, ముఖ్యమైన సూత్రం, ఇంటిపని నల్లబల్ల మీదే రాస్తున్నాను. తెర మీద ఒకసారికి ఒక్క పేజీయే ఉంటుంది, పీరియడ్ మొదట్లో చెప్పినదాన్ని చివర చూపించాలంటే కాగితాలు వెతుక్కోవాలి.

కొనాలా అని అడిగితే నా పరిస్థితి చెప్పి ఊరుకోవడమే న్యాయం. నేను చెప్పేది గణితం, గదిలో ప్రొజెక్టర్ ముందే ఉంది, వరుసల మధ్య తిరగడానికి చోటు ఉంది, నోటుబుక్ ఇచ్చి రావడానికి రెండడుగులు చాలు. కిక్కిరిసిన గదిలో ఈ పద్ధతి ఇలాగే నడుస్తుందని చెప్పలేను. ఫోన్‌తో పేజీని ఫొటో తీసి తెర మీదికి పంపే ఏర్పాటు ఇప్పటికే ఉన్నవాళ్లకు ఆ ఫొటోయే ఫ్రీజ్ కనుక, ఇంకొక పరికరం కోసం ఖర్చు పెట్టమని అననూ లేను. సవరించిన పేజీని వెంటనే లైవ్‌లో చూపించడం, చేత్తో గీసి చూపడం కూడా కావాలనుకుంటేనే దీన్ని చూడండి. చూసేటప్పుడు ఫ్రీజ్ బటన్ పరికరం తల మీదే ఉందో లేదో గమనించండి. కొన్నిటిలో అది ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఉంటుంది. అప్పుడు ఒక చేత్తో నోటుబుక్ పట్టుకుని, రెండో చేత్తో మౌస్ కోసం వెతుక్కోవాలి; నేను వాడినదాంట్లో హెచ్‌డీఎంఐ వైరుతో నేరుగా ప్రొజెక్టర్‌కు కలిపితే తల మీది బటన్ పనిచేసేది, యూఎస్‌బీతో ల్యాప్‌టాప్ మీదుగా కలిపితే అదే బటన్ పలికేది కాదు.