పొగతోటలో గర్భసంచి ఆపరేషన్: బయట నాలుగు గాట్లు, పుండు లోపల

మొన్న ఫిబ్రవరిలో నెల్లూరు పొగతోటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో లాప్రోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్‌తో, గర్భసంచి తీయించుకున్నాను. నాకు 45 ఏళ్ళు, కావలిలో ఇంట్లోనే బట్టలు కుడతాను. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కాబట్టి ఆస్పత్రి పేరు పెట్టడం లేదు.

మూడేళ్ళుగా నెలకి పది రోజులు బ్లీడింగ్. మిషన్ ముందు నుంచి లేచిన ప్రతిసారీ స్టూలు వైపు తిరిగి చూసుకోవడం అలవాటైపోయింది. మొదట చూపించుకున్న చోట స్కానింగ్ కాగితం చూసి, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా సంచితో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. రెండు వారాలు నాకు నిద్ర లేదు. నాకున్నవి ఫైబ్రాయిడ్లనే గర్భసంచి గడ్డలు, అవి క్యాన్సర్ గడ్డలు కావని పొగతోట డాక్టరమ్మ చెప్పేదాకా ఆ భయం పోలేదు.

ఆమె ఆపరేషన్ మాట ఎత్తకముందే, "ఇంతకుముందు ఏమేం మందులు వాడారమ్మా?" అని అడిగారు. బ్లీడింగ్ తగ్గే బిళ్ళలు ఏడాది వాడానని చెప్పాను. బ్లీడింగ్ తగ్గడానికి గర్భసంచి లోపల హార్మోన్ లూప్ పెట్టే పద్ధతి గురించి, గడ్డలు మాత్రమే తీసే ఆపరేషన్ గురించి వివరించి, ఇంటికెళ్ళి ఆలోచించుకు రమ్మన్నారు. మన రాష్ట్రంలో అనవసరంగా తీసేస్తున్నవి చాలా ఉన్నాయని ఆమే అన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. మా వీధిలో ముప్ఫై నిండీ నిండకుండానే తీయించుకున్నవాళ్ళు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

నా గడ్డలు పెద్దవి, మందులకి లొంగలేదు. బాగా ఆలోచించుకునే ఒప్పుకున్నాను. హిమోగ్లోబిన్ 7.6 ఉంటే సెలైన్‌లో ఐరన్ ఎక్కించి, 10 దాటాకే తేదీ ఇచ్చారు. అండాశయాలు బాగున్నాయి కాబట్టి వాటిని ఉంచి, గర్భసంచికి రెండు పక్కలా ఉండే ట్యూబులు మాత్రం తీసేస్తామన్నారు. అండాశయాలు కూడా తీస్తే ఒక్కసారిగా ముట్లుడిగిన బాధలన్నీ మీద పడతాయట, ఎముకలూ పలచబడతాయట. రెండు సిజేరియన్లయ్యాయి కాబట్టి మూత్రాశయం అతుక్కుపోయి ఉండొచ్చనీ, కుదరకపోతే పొట్ట కోయాల్సి రావచ్చనీ ముందే చెప్పి, మా ఆయనకి కూడా అర్థమయ్యాకే సంతకం పెట్టించుకున్నారు. చివరికి కోయాల్సిన అవసరం రాలేదు.

మర్నాడు పొద్దున యూరిన్ పైపు తీసి నడిపించారు. ఆ రాత్రి కుడి భుజంలో ఒకటే పోటు. కోసింది పొట్టలో, నొప్పి భుజంలో ఏంటి, గుండెపోటేమోనని వణికిపోయాను. నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చి బీపీ, పల్స్ చూసి, నా పక్కన కూర్చుంది. ఆపరేషన్‌కి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారనీ, మిగిలిన గ్యాస్ ఊపిరితిత్తుల కింది పొరని ఒత్తితే నొప్పి భుజంలో తెలుస్తుందనీ చెప్పింది. నా చెయ్యి పట్టుకుని వరండాలో మూడుసార్లు నడిపించింది. తెల్లారేసరికి సగం తగ్గింది. ఆ అమ్మాయి రుణం నేను తీర్చుకోలేను.

నాకు బాధ కలిగించింది డిశ్చార్జి. 70 వేలు ప్యాకేజీ అన్నారు, బిల్లు 81 వేలు దాటింది. పైన పడిన డబ్బుకి వివరం అడిగితే "ప్యాకేజీలో లేనివి" అన్నారు, అంతే. ఇంటికెళ్ళాక ఎలా ఉండాలో ఇంగ్లీషులో ఒక్క కాగితం. బరువులు ఎత్తొద్దని ఉందట. ఎంత బరువు, ఎన్నాళ్ళు అన్నది లేదు. ఆరో రోజు ఎర్రమట్టి రంగులో కొంచెం కనపడితే ఫోన్ చేశాను. రిసెప్షన్ వాళ్ళు రేపు ఓపీకి రండి అన్నారు. కావలి నుంచి రావడమంటే అరవై కిలోమీటర్లు కదా! మళ్ళీ ఆ నైట్ సిస్టరే ఫోన్ తీసుకుని, కొద్దిగా అయితే పర్వాలేదు, ప్యాడ్ తడిసిపోయేంత వచ్చినా, వాసన వచ్చినా, జ్వరం 100.4 దాటినా, పిక్క వాచినా ఆగకుండా వచ్చేయండి అని చెప్పింది.

ఇంట్లో ఇంకో కష్టం. నాలుగు చిన్న గాట్లు, ఒక్కోటి చొక్కా గుండీ అంత. "సిజేరియన్లప్పుడు నెలన్నర పడుకున్నావు, దీనికేముందమ్మా" అని అత్తమ్మ అంది. ఆమె తప్పేం లేదు, పైకి కనపడేది అంతే. కానీ సంచి తీసిన చోట యోని పైభాగాన్ని కుట్టి మూస్తారు. నేను కుట్టుపని చేసేదాన్ని కాబట్టి డాక్టరమ్మ బొమ్మ గీయగానే అర్థమైంది: కుట్టు గట్టిపడకముందే లాగితే బట్టే విడిపోతుంది. అత్తమ్మకి ఒక లంగా గుడ్డ కుట్టి, లాగి చూపించాను. ఆ రోజు నుంచి బిందె నా చేతికి ఇవ్వలేదు, మోటారు వేసి పంపు కింద బకెట్ తనే పట్టింది.

ఆరు వారాలు బరువులు ఎత్తలేదు. భార్యాభర్తల కలయిక కూడా డాక్టరమ్మ లోపలి పుండు చూసి సరే అనేదాకా వద్దన్నారు. ఇది ఎవరూ నోరు తెరిచి అడగరు, నేను అడిగాను. విరేచనానికి ముక్కకూడదు కాబట్టి రోజూ ఇసబ్గోల్ తాగాను. కారులో ఇంటికొచ్చేటప్పుడు పొట్టకీ బెల్టుకీ మధ్య చిన్న దిండు పెట్టుకున్నాను, లేకపోతే స్పీడ్ బ్రేకర్ల దగ్గర ప్రాణం పోయేది. మూడో వారంలో బాగున్నాననిపించి ఒక పూటంతా జాకెట్లు కత్తిరిస్తే సాయంత్రానికి నడుం, పొత్తికడుపు పట్టేసి రెండు రోజులు లేవలేదు.

ఇప్పుడు తొమ్మిదో వారం. తొక్కుడు మిషన్‌కి మోటారు పెట్టించాను, రోజుకి మూడు గంటలు కుడుతున్నాను. ఇలా అన్నీ వివరించి చెప్పే డాక్టరమ్మ దొరికితే ధైర్యంగా వెళ్ళండి. బిల్లు మాత్రం ముందే కాగితం మీద రాయించుకోండి. జాగ్రత్తలు తెలుగులో రాసివ్వమని సిస్టర్‌ని అడగండి. తీసిన గర్భసంచిని ల్యాబ్‌లో పరీక్షించిన బయాప్సీ రిపోర్టు గురించి ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చేసి చెప్పరు, రెండు వారాల తర్వాత మీరే వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి.