నౌ అసిస్టా, వర్క్‌ఫ్లో స్టూడియోనా? టీమ్‌కి ముందు ఏది

కంపెనీల్లో ఐటీ టికెట్లు, అప్రూవల్స్ నడిపే సాఫ్ట్‌వేర్ సర్వీస్‌నౌలో కొత్త రిలీజ్ వచ్చిన ప్రతిసారీ బెంగళూరులో మన తెలుగువాళ్ల మధ్య ఇదే చర్చ, ఏది బాగుంది, ముందు ఏది ఆన్ చేయించాలి అని. ఏడాదికి రెండు రిలీజులు, ఒక్కోదానికి ఒక్కో పేరు, 2023లో వాంకూవర్, 2024లో వాషింగ్టన్ డీసీ, జానడు, 2025లో యోకొహామా, జ్యూరిక్, ఇలా వస్తూనే ఉన్నాయి గానీ ఎవర్ని కదిపినా తిరిగి తిరిగి రెండింటి దగ్గరికే వస్తున్నారు: వాంకూవర్‌తో వచ్చిన నౌ అసిస్ట్ (టికెట్ చదివి సమ్మరీ రాసిపెట్టే ఏఐ), వాషింగ్టన్ డీసీతో వచ్చిన వర్క్‌ఫ్లో స్టూడియో (రిక్వెస్ట్ ఏ దారిలో పోవాలో కట్టుకునే చోటు). నన్నడిగితే చాలా టీములకి ముందు కావాల్సింది రెండోదే, డెమోలో మాత్రం చప్పట్లు మొదటిదానికే పడతాయి.

ముందు నౌ అసిస్ట్ సంగతి. షిఫ్ట్ హ్యాండోవర్‌లో దీని విలువ తెలుస్తుంది. రాత్రంతా నడిచిన పీ1 (అన్నిటికంటే అర్జెంట్) ఇన్సిడెంట్, పొద్దున వచ్చినోడికి పేజీలకి పేజీలు వర్క్ నోట్స్, మూడు టీముల మధ్య తిరిగిన టికెట్టు, బ్రిడ్జ్ కాల్‌లో (అన్ని టీములూ కలిసే కాన్ఫరెన్స్ కాల్) అప్పటికే మేనేజర్ స్టేటస్ అడుగుతుంటాడు. అప్పుడు సమ్మరీ నొక్కితే సమస్య ఏంటి, ఇప్పటిదాకా ఏం చేశారు అన్నది నాలుగు లైన్లలో వస్తుంది, నిజంగా ప్రాణం లేచొస్తుంది. క్లోజ్ చేసేటప్పుడు రెజల్యూషన్ నోట్స్ కూడా డ్రాఫ్ట్ చేసిస్తుంది, కాకపోతే చదవకుండా సేవ్ కొట్టొద్దు. ఇబ్బంది ఎక్కడంటే మన నోట్స్‌లోనే. "చెక్ చేస్తున్నాం", "యూజర్ రిప్లై కోసం వెయిటింగ్" అని రాసి వదిలేస్తే సమ్మరీలో కొత్తగా ఏం పుట్టుకొస్తుంది? పైగా దానికి తగ్గ లైసెన్స్ కావాలి, వాడకాన్ని అసిస్టుల (ఏఐ వాడకాన్ని లెక్కేసే యూనిట్లు) లెక్కన కొలుస్తారు, ఆ ఖర్చుకి ఒప్పించడం వేరే పని.

వర్క్‌ఫ్లో స్టూడియో పైకి సాదాగా ఉంటుంది. ఫ్లోలు కట్టే ఫ్లో డిజైనర్ 2018లో కింగ్‌స్టన్ రిలీజ్‌తోనే వచ్చింది, ఫ్లోలు (వాటంతటవే వరుసగా జరిగే స్టెప్పులు), ప్లేబుక్‌లు (పని చేసేవాళ్లకి అంచెలంచెలుగా దారి చూపేవి), డెసిషన్ టేబుల్స్ (ఏ కండిషన్‌కి ఏ ఫలితమో వరుసల్లో రాసినవి) అన్నీ ఒకే చోటికి తేవడమే ఇక్కడ కొత్త. ఓస్ అంతేనా అనిపిస్తుంది గానీ అలా ఒకచోటికి చేరాకే డెసిషన్ టేబుల్ చాలామంది కంట్లో పడింది, నాకు బాగా నచ్చేది అదే.

ల్యాప్‌టాప్ రిక్వెస్ట్ తీసుకోండి. పర్మనెంట్ ఎంప్లాయీ అయితే మేనేజర్ అప్రూవల్ చాలు, కాంట్రాక్టర్ అయితే కాస్ట్ సెంటర్ ఓనర్‌కి (ఖర్చు ఎవరి బడ్జెట్లో పడుతుందో వాళ్లకి) కూడా పోవాలి, రేటు ఒక హద్దు దాటితే డైరెక్టర్‌కి. దీన్ని ఫ్లోలో ఇఫ్ కండిషన్ల కింద ఇఫ్‌లు పెట్టుకుంటూ పోతే ఆర్నెల్ల తర్వాత రాసినోడికే అర్థం కాదు, ఫైనాన్స్‌వాళ్లు చిన్న రూల్ మార్చమన్నా ఫ్లో తెరవాలి, మళ్లీ మొత్తం టెస్ట్ చెయ్యాలి. అదే టేబుల్లో పెడితే ఫ్లో జోలికే పోనక్కర్లేదు, ఒక వరుస మారిస్తే అయిపోయింది, ఆ వరుసలు ప్రాసెస్ ఓనర్ కూడా చదివి ఔనో కాదో చెప్పగలడు. మొదట మ్యాచ్ అయిన వరుసే తీసుకోమని సెట్ చేస్తే మాత్రం వరుసల ఆర్డర్ చూసుకోవాలి, కాంట్రాక్టర్ వరుస కింద ఉండి అందరికీ వర్తించే వరుస పైన ఉంటే అప్రూవల్ తప్పుగా పోతుంది.

ఇంకోటి, ఫ్లో మార్చి పబ్లిష్ చేసినా అప్పటికే అప్రూవల్ దగ్గర ఆగిన రిక్వెస్టులు పాత వెర్షన్‌లోనే నడుస్తాయి, యూజర్లు "నాది ఎందుకు మారలేదు" అని అడిగేది అందుకే.

ఫ్లో డిజైనర్‌కి ముందున్న పాత వర్క్‌ఫ్లో ఎడిటర్‌లో ఉన్నవన్నీ ఇప్పుడే తిరగరాయాలా అంటే వద్దు. నడిచేవి నడవనివ్వండి, ఆ క్యాటలాగ్ ఐటమ్‌కి (యూజర్లు రిక్వెస్ట్ పెట్టే ఐటమ్) ఎలాగూ పెద్ద మార్పు వచ్చినప్పుడు ఫ్లోకి తెస్తే సరిపోతుంది, కొత్తవి మాత్రం ఫ్లోలోనే.

24 గంటలూ సపోర్ట్ నడిపే టీమ్ మీదై, లైసెన్స్ అప్పటికే ఉంటే నౌ అసిస్ట్‌తోనే మొదలెట్టండి, అందులో నాకు అనుమానం లేదు. మిగతావాళ్లకి స్టూడియోనే ముందు. మారతహళ్ళిలో రూమ్ తీసుకుని ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లకి కూడా అదే చెప్తా, పర్సనల్ డెవలపర్ ఇన్‌స్టెన్స్ (నేర్చుకోడానికి మీకంటూ ఒక సర్వీస్‌నౌ) ఫ్రీగా ఇస్తారు, అందులో ఈ ల్యాప్‌టాప్ అప్రూవల్‌నే ఒకసారి ఇఫ్‌లతో, ఒకసారి డెసిషన్ టేబుల్‌తో కట్టి చూడండి. కొన్నాళ్లు ముట్టుకోకపోతే ఆ ఇన్‌స్టెన్స్ వెనక్కి తీసేసుకుంటారు, అందుకని చేసిన పని అప్‌డేట్ సెట్‌గా (చేసిన మార్పులన్నీ ఒకచోట మూటగట్టింది) ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి.