ఒక్క ఆదివారమే ఉంటే: నాంపల్లా, మాదాపూరా, గచ్చిబౌలి క్యాంపస్సా?

మా మేనకోడలు వరంగల్‌లో ఎం.ఏ. తెలుగు చదువుతోంది. పోయిన నెల ఫోన్ చేసి, "మామా, ఒక్క ఆదివారం దొరికింది. పొద్దున బండికి వచ్చి రాత్రి బండికి పోతా. నాటకమో, డ్యాన్సో, బొమ్మలో, మంచిదేదైనా చూపియ్యి" అంది. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో సభలూ నాటకాలూ చూస్తున్నాను. అయినా ఎక్కడికి తీసుకెళ్లాలో వెంటనే తేల్చుకోలేకపోయాను. కళల కోసం ఒక రోజు పెట్టుకుంటే హైదరాబాద్‌లో మూడు దారులున్నాయి. ఒక్క రోజులో మూడూ కుదరవు.

మొదటిది నాంపల్లి. రైలు దిగి నడుస్తూనే పబ్లిక్ గార్డెన్స్‌కు చేరొచ్చు. తోటలోనే రాష్ట్ర మ్యూజియం ఉంది. పిల్లలంతా ఈజిప్టు మమ్మీ చుట్టూ మూగుతారు. నేనైతే నిజాం కాలంలో గీయించిన అజంతా చిత్రాల నకళ్ల దగ్గర ఆగుతాను. శుక్రవారం సెలవు కాబట్టి ఆదివారం ఇబ్బంది లేదు. ఇంకాస్త ముందుకు వెళితే తెలుగు విశ్వవిద్యాలయం పాత ప్రాంగణం, అందులో ఎన్టీఆర్ కళామందిరం. అక్కడ పుస్తకావిష్కరణో, సాహిత్య సభో తరచూ ఉంటుంది. సాయంత్రానికి రవీంద్రభారతి. ఠాగూర్ శతజయంతికి 1961లో ప్రారంభమైన ఈ హాలులో ఇప్పటికీ కూచిపూడి, పద్యనాటకం, సంగీతం ఒకదాని వెంట ఒకటి నడుస్తూనే ఉంటాయి. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆటో ఎక్కాల్సిన పని లేదు.

నాంపల్లి అంటే నాకు ముందు గుర్తొచ్చేది సురభి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచక వధ'తో మొదలైన కుటుంబ నాటక సమాజం వాళ్లది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్లనే రంగస్థలం ఎక్కించారు. శేరిలింగంపల్లిలో కాపురాలున్నా, పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో ఏళ్ల తరబడి ఆడారు. పరదాలు క్షణాల్లో మారిపోతాయి, తాళ్ల మీద మనిషి గాల్లోకి లేస్తాడు. కంప్యూటర్ ఏమీ లేదు, తెర వెనక ఆ ఇంటివాళ్ల చేతులే. ఆ సమాజాన్ని నిలబెట్టిన నాగేశ్వరరావు, అందరికీ బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. 2022లో కన్నుమూశారు. సురభి ఆట ఉందని తెలిస్తే మిగతా పనులన్నీ పక్కన పెట్టమంటాను.

అయితే ఈ దారిలో ఒక బాధ ఉంది, చెప్పకుండా ఉండలేను. ఆరింటికి కార్యక్రమం అని వేస్తారు. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి ఏడున్నర. గజ్జెలు కట్టుకుని తెర వెనక నిలబడ్డ పిల్ల కాళ్లు అప్పటికే చల్లబడిపోతాయి. పైగా పెద్ద హాల్లో వెనక వరుసల నుంచి అభినయం కనిపించదు, చెయ్యి కనిపిస్తుంది గానీ కన్ను కనిపించదు.

రెండో దారి బంజారాహిల్స్ మీదుగా మాదాపూర్ వైపు. ఇందులో ఈ రెండు ఇబ్బందులూ తక్కువ. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే చిన్న కళావేదిక 2010లో ఒక పాత ఇంట్లో మొదలైంది. రాళ్ల మీదో, మెట్ల మీదో కూర్చుంటే పాడే మనిషి పదడుగుల దూరంలో ఉంటాడు. ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. టీ, సమోసా చవక. దాస్తాన్‌గోయీ (ఉర్దూలో కథ చెప్పే కళ), ఏకపాత్ర నాటకం, గజల్ లాంటివాటికి ఇంతకన్నా మంచి చోటు లేదు. సోమవారం మాత్రం మూసి ఉంటుంది. తెలుగు పద్యం వినాలని వెళితే ఎక్కువసార్లు దొరకదు, అక్కడ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల పాలు ఎక్కువ.

ఈ దారిలోనే మాదాపూర్ శిల్పారామం ఉంది. గేటు టికెట్‌తోనే చేనేతలు, బొమ్మలు చూడొచ్చు, సాయంత్రం ఆరుబయట నాట్యమూ చూడొచ్చు. చూసేవాళ్లు వస్తూ పోతూ ఉంటారు, నిజమే. కానీ ఎందరో పిల్లలు కూచిపూడిని మొదటిసారి చూసేది అక్కడే. చిన్నపిల్లలున్న ఇల్లయితే నేను శిల్పారామానికే ఓటేస్తాను. దగ్గర్లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ కూడా ఉంది. చిక్కల్లా మధ్యలో ప్రయాణమే. నాంపల్లి నుంచి మెట్రోలో వస్తే అమీర్‌పేటలో మారాలి, దిగాక మళ్లీ ఆటో.

మూడోది గచ్చిబౌలి. 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న కళల విభాగంలో నాట్యం, రంగస్థలం, చిత్రకళ పీజీ స్థాయిలో చెబుతారు. విద్యార్థుల నాటకాలు అచ్చం ప్రయోగాలే. ఒక్కోసారి తడబడతాయి, ఒక్కోసారి రాత్రంతా నిద్ర పట్టనివ్వవు. ఆట అయ్యాక ఆ పిల్లలే వచ్చి పక్కన కూర్చుని మాట్లాడతారు. ఇది వేరెక్కడా దొరకదు. కానీ ప్రతి ఆదివారం ఉండదు, సెమిస్టర్ చివర్లోనే ఎక్కువ. నాటకం ఉన్న రోజున నాంపల్లిని వదిలేసి క్యాంపస్‌కే పోవాలని నా మాట. ఏమీ లేని రోజున అంత పెద్ద క్యాంపస్‌లో చెట్లు, బండరాళ్లే చూడాలి. అవీ అందమే, కానీ మా పిల్ల అడిగింది వాటిని కాదు.

ఆ ఆదివారం క్యాంపస్‌లో ఆట లేదు. తెలుగు చదివే పిల్ల, రాత్రికి రైలెక్కాలి, రోజంతా రోడ్ల మీద పోగొట్టుకోకూడదు. అందుకే నాంపల్లి అన్నాను. పొద్దున అజంతా నకళ్ల దగ్గర గంటన్నర నిలబడింది. సాయంత్రం కూచిపూడికి ముందే వెళ్లి మూడో వరుసలో చోటు పట్టాం. శాలువాలు గంటకు పైగా సాగాయి. నాట్యం మొదలై, ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం దగ్గరికి వచ్చేసరికి బండికి టైమైంది. నేను బ్యాగు అందుకుని లేచాను. పళ్లెం అంచున నిలబడ్డ ఆ అమ్మాయి పాదాల మీంచి చూపు తిప్పకుండానే మా పిల్ల నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుని తెల్లారి బండికి పోయింది.