కర్నూలు బడి గోడపత్రికకు అక్టోబరు 1 మేలా, నవంబరు 1 మేలా?

‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికకు ఒక్క తేదీనే ఎంచుకోవాలంటే కర్నూలు పిల్లలకు అక్టోబరు 1 మేలు. 1953లో ఆ రోజే కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. బళ్లారి జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలులో, రాయదుర్గం అనంతపురంలో కలిసిందీ అప్పుడే. పిల్లల చేత పటం గీయించడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు! పుట్టినరోజులకు అనీబిసెంట్ (1847), అల్లు రామలింగయ్య (1922) ఉన్నారు.

నవంబరు 1న, 1956లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు వెళ్లింది. తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిది ఇల్లూరు కాబట్టి అనంతపురం బడులు దీన్నే తీసుకోవచ్చు. దేవులపల్లి కృష్ణశాస్త్రి (1897) పుట్టినరోజూ అదే.

ఎక్కువగా జరిగే తప్పు, 1953 పక్కన ‘ఆంధ్రప్రదేశ్’ అని రాయడం. ఆ పేరు 1956 నాటిది. పొట్టి శ్రీరాములు కన్నుమూసింది 1952 డిసెంబరు 15న. ఆయన త్యాగాన్ని నేపథ్యంగా తప్పక రాయాలి, తేదీల వరుసలో మాత్రం పెట్టకూడదు. అక్టోబరు 1 తరచూ దసరా సెలవుల్లో పడుతుంది, అందుకే సెలవులిచ్చే ముందే పత్రిక అతికించాలి.