నీళ్లలో నానబెట్టే ఇన్సులిన్ సంచి: బ్యాంకాక్ దాకా మోసి చూశాక

వేడికి పాడయ్యే ఇన్సులిన్‌ని చల్లగా ఉంచుతుందని 1,850 రూపాయలు పెట్టి కొన్న ఈ సంచిని చూసి మా అత్తగారు, "ఏటమ్మా ఇది, కళ్లజోడు పెట్టుకునేదా?" అని అడిగారు. అచ్చం అలాగే ఉంటుంది. నీలం గుడ్డ, లోపల కుట్టిన అరలు, ఆ అరల్లో పంచదార పలుకుల్లాంటివేవో గలగలమంటాయి. ఐదు పది నిమిషాలు చల్లని నీళ్లలో ముంచితే ఆ పలుకులు నీళ్లు తాగి సగ్గుబియ్యంలా ఉబ్బుతాయి. పైతడి తుడిచి, ఇన్సులిన్ సీసా లోపల పెట్టి, పై గుడ్డ తొడిగితే సరి. ఐసు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది, ఎండాకాలం కుండలో నీళ్లు చల్లబడినట్టే. ఈ రకం సంచులు ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. సూత్రం మాత్రం అన్నింటికీ ఒకటే.

ఒడిశాలోని బరంపురంలో టైప్ 1 షుగరున్న, అంటే రోజూ ఇన్సులిన్ సూది తప్పని, పిల్లల కోసం పనిచేసే చిన్న సంస్థ మాది. నేను అక్కడ నర్సుని. 2025 ఏప్రిల్ 7 నుంచి 10 దాకా బ్యాంకాక్‌లో జరిగిన అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ ప్రపంచ సభలకి ముగ్గురం వెళ్లాం. డాక్టర్ మేడమ్, నేను, తొమ్మిదో ఏట నుంచి ఇన్సులిన్ మీద ఉన్న మా కుర్రాడు. వాడికిప్పుడు ఇరవై మూడు, మా పిల్లలకి సూది వేసుకోవడం నేర్పేది వాడే. నన్ను అప్పా అంటాడు, అంటే అక్కా అని. వాడి మందు మోసే పని నాది. "అప్పా, నా ప్రాణం నీ హ్యాండ్‌బ్యాగులో ఉంది, బస్సులో మర్చిపోకు" అని దారంతా ఒకటే వేళాకోళం.

సభలు మొదలవడానికి పది రోజుల ముందే, మార్చి 28న, బర్మాలో భూకంపం వచ్చి బ్యాంకాక్‌లో కడుతున్న పెద్ద బిల్డింగ్ కూలిపోయింది. ఇంట్లో అందరూ వెళ్లొద్దన్నారు. నా టెన్షనంతా మందు గురించే.

అక్కడే కొనుక్కోవచ్చుగా అని చాలామంది అడిగారు. కొనకూడదు. మన దగ్గర మామూలుగా దొరికే సీసాలో మిల్లీలీటరుకి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. బయటి దేశాల్లో దాదాపు అంతటా 100 యూనిట్లది. ఆ మందుని మన ఎర్ర మూత సిరంజితో అదే గీత దాకా లాగితే రెండున్నర రెట్ల డోసు పడుతుంది. అందుకే మందూ సిరంజీలూ రెండూ ఇక్కడి నుంచే. అది కూడా చేతి సామానులోనే, ఎందుకంటే విమానం కింద లగేజీలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే.

సంచి మీద నమ్మకం కుదరక 300 పెట్టి చిన్న థర్మామీటరు కొని సీసా పక్కనే దూర్చాను. హౌరా వెళ్లే రాత్రి రైల్లో, ఏసీ బోగీలో, 20 డిగ్రీలు చూపించింది. చాలా సంతోషించాను. పొద్దున్న హౌరాలో టాక్సీ కోసం నిలబడేసరికి 28 అయింది. ఎయిర్‌పోర్ట్ చెకింగులో ఆయన సంచిని రెండు వేళ్లతో నొక్కి, మెత్తగా ఉందని అనుమానంగా చూశాడు. మేడమ్ రాసిన చీటీ చూపిస్తే వదిలేశాడు. చీటీ మాత్రం తప్పకుండా పట్టుకెళ్లండి.

బ్యాంకాక్‌లో దీని అసలు రంగు బయటపడింది. బయట 35 డిగ్రీలు, మన గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున ఉన్నట్టే ఒళ్లంతా జిడ్డు. ముప్పావుగంట తిరిగేసరికి సంచిలో 30. వాడుతున్న సీసాని 25కో 30కో లోపు ఉంచమంటారు కదా, మేము ఆ అంచు మీదే ఉన్నాం. గాలిలోనే అంత తడి ఉంటే సంచి తడి ఎలా ఆరుతుంది? తీరా సభ జరిగే హాల్లోకి వెళ్తే, అక్కడి ఏసీకి నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను, సంచిలో 19! అక్కర్లేని చోటే దీని ప్రతాపమంతా.

హోటల్లో ఇంకో తప్పు చేశాను, అది నాదే. రాత్రి వాష్‌బేసిన్‌లో నానేసి ఇంటికి ఫోన్ చేస్తూ కూర్చున్నాను. అరగంట తర్వాత చూస్తే సంచి బొబ్బట్టు పూర్ణంలా పొంగిపోయి ఉంది. సీసా లోపలికి దూరనంది. ఒత్తినా నీళ్లు రాలేదు. ఫ్యాను కింద ఆరేస్తే మర్నాడు సాయంత్రానికి గానీ దారికి రాలేదు. ఎన్ని నిమిషాలో కాగితంలో రాశారులెండి, చీమ తలకాయంత అక్షరాల్లో. వాడుతున్న సీసాని ఆ ఒక్క రోజు తడి చేతి రుమాల్లో చుట్టి తిప్పాను. తెరవని సీసా ఎలాగూ రూములోని ఫ్రిజ్‌లోనే ఉంది. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, ఈ సంచి ఎన్నడూ అంత చల్లన ఇవ్వదు.

సభల సంగతి ఒక్కటి రాస్తాను. చిన్నప్పటి నుంచి తిండి చాలక చిక్కిపోయిన వాళ్లకి వచ్చే షుగరుకి అక్కడ టైప్ 5 అని పేరు ఖాయం చేశారు. 1955లో జమైకాలో మొదట గుర్తించిన జబ్బు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాకెక్కింది, 1999లో దిగిపోయింది. ఈ మధ్యలో, 1995 అక్టోబరులో, ఉష్ణదేశాల షుగరు రకాల మీద అంతర్జాతీయ వర్క్‌షాపు మన కటక్‌లోనే జరిగింది. ఆ మాట మేడమ్ చెవిలో చెప్పగానే నాకు గజపతి, రాయగడ కొండల నుంచి వచ్చే బక్కపలుచని మనుషులు గుర్తొచ్చారు. ప్రపంచంలో 58.9 కోట్ల మంది పెద్దవాళ్లకి షుగరుందని అక్కడ వేసిన లెక్కలో వాళ్లు ఎంతమందో గానీ, వాళ్లలో ఎవరికైనా ఇన్సులిన్ రాస్తే ఆ సీసాని ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారు? ఒళ్లో ఉన్న సంచి వైపు అప్పుడు మళ్లీ చూశాను.

అందుకే మే నెలలో గుణుపూర్ అవతల ఒక ఊరి క్యాంపుకి దీన్ని పట్టుకెళ్లాను. బయట 41, పొడి వేడి. సంచిలో 27! బ్యాంకాక్‌లో చేతులెత్తేసిన సంచేనా ఇది అనిపించింది. పక్కనే కుండలో ముంత పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి, పైన తడిగుడ్డ కప్పి చూశాం. అందులో 26. కుండా ముంతా కలిపి 120 రూపాయలు. ఇంట్లో పెట్టుకోవడానికి కుండే మేలు. పొలానికో బడికో రైలుకో అయితే కుండని చంకనెత్తుకుని వెళ్లలేం, అక్కడ సంచి కావాలి.

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు వాళ్లు ఎండాకాలంలో దీని మీద పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. కొండ జిల్లాల వాళ్లు కొనొచ్చు. ప్లాస్టిక్ కవర్లో పెడితే గాలాడదు, అసలు చల్లబడదు. ఫ్రీజర్‌లో కూడా పెట్టకూడదు. ఐదుకి మూడు ఇస్తాను. ధర వెయ్యి లోపుంటే నాలుగు ఇచ్చేదాన్ని.

నా సంచి ఇప్పుడు నా దగ్గర లేదు. గుణుపూర్ క్యాంపులో పదకొండేళ్ల గుంట ఒకతె రెండు రోజులకని తీసుకుంది. మూడు నెలలైంది. బడికి పట్టుకెళ్తోందట. థర్మామీటరు మాత్రం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించింది.